ఇప్పచెట్టు కింద చీపురు

"టీ గిట్లనేనా పెట్టేది? వట్టి నీళ్లు తాగినట్లుంది," అని జంపక్క గ్లాసు పక్కకు జరిపింది.

నిన్న కూరలో ఉప్పెక్కువైంది. మొన్న పక్క సరిగ్గా పరచలేదు. మామ సీతయ్య పోయినప్పటి నుంచి అత్త ప్రతిదానికీ వంకలు పెడుతోంది. కోడలు శ్యామల భద్రాచలంలో ఓ దవాఖానాలో చీటీల కౌంటర్ చూస్తుంది. రోజంతా జనం తిట్లను చిరునవ్వుతో మింగే మనిషి. ఇంటికొచ్చాక మాత్రం ఆ చిరునవ్వు డ్యూటీ దిగిపోతుంది.

"నా చీపురేది?" అంది జంపక్క.

"అటక మీద పెట్టిన. మోకాలు వాసి లేవలేకుంటున్నవ్, అడవికి పోతనంటవేంది?"

"రేపటికల్లా ఊడ్వకుంటే మన చెట్టు బొజ్జయ్యోళ్లకు పోతది."

పర్ణశాల దగ్గరున్న వాళ్ల ఊరి కట్టుబాటు అది. ఇప్పపూవు రాలకముందే చెట్టు కింద ఎవరు ముందుగా ఊడిస్తే ఆ ఏడు పూవు వాళ్లది.

"పోతే పోనీ అత్తమ్మా! నాలుగు పూలు ఏరకుంటే పస్తులుంటమా?" శ్యామల గొంతు లేచింది. "ఏం చేసినా తప్పేనాయె! నేను మనిషిని కానా?"

భర్త రాంబాబు తల వంచుకుని బండి తాళాలు వెతుక్కున్నాడు. జంపక్క గోడవైపు తిరిగి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం కౌంటర్ దగ్గర ఓ ముసలామె కేకలు వేసింది. "గీ ఫ్యాను తిరగదేంది? మీకు కండ్లు లేవా?"

ఫ్యాను బాగానే తిరుగుతోంది. అరిచేవాళ్లకు ఎదురు చెప్పకుండా ముందు వాళ్ల కష్టమేమిటో అడగమని కొత్తలోనే ట్రైనింగులో చెప్పారు. శ్యామల లేచి ఆమెకు కుర్చీ వేసింది. "లోపల ఎవరున్నరమ్మా?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "మా ఆయన బిడ్డా. ఉలుకుతలేడు, పలుకుతలేడు."

నీళ్లు తాగించి సీటుకొచ్చిన శ్యామలకు ఇక చెయ్యి ఆడలేదు. ఊళ్లోవాళ్లందరినీ కష్టమేందని అడిగే ఆ ఒక్క మాట అత్తను ఎన్నడైనా అడిగిందా? పొద్దున టీ కూడా బాగానే ఉంది కదా! సిగ్గుతో ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

సాయంత్రం ఇంటికి రాగానే చీపురు దించి అత్త పక్కన కూర్చుంది.

"చెట్టు కాడ ఏముందత్తమ్మా?"

జంపక్క చీపురును ఒళ్లోకి తీసుకుంది. "మీ మామ ఊడుస్తుంటే నేను పూవు ఏరేదాన్ని. ఆయన పోంగనే మీరు మంచం తీసిండ్రు, గోడలకు సున్నం కొట్టిచ్చిండ్రు. ఆయనతోని కూసున్న జాగ ఇంక గా చెట్టొక్కటే బిడ్డా. గదీ పోవాల్నా?"

శ్యామల ఆమె చేతులు పట్టుకుని బోరుమంది. "ఒక్క మాట చెప్పొద్దా అత్తమ్మా?"

"నువ్వడిగినవా?"

మర్నాడు పొద్దున్నే రాంబాబు తల్లిని బండి మీద తీసుకెళ్లి చెట్టు కింద రాయి మీద కూర్చోబెట్టాడు. శ్యామల నడుం వంచి ఎండుటాకులు ఊడ్చింది. దూరం నుంచి బొజ్జయ్య చూసి, తన చీపురు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

"గిట్లనేనా ఊడ్చేది? మీ మామ ఊడిస్తే నేల మీద అన్నం పెట్టుకొని తినొచ్చు!" అంది జంపక్క రాయి మీద నుంచి.

శ్యామలకు ఈసారి కోపం రాలేదు. "మామ ఎట్ల ఊడ్చేటోడో చెప్పత్తమ్మా," అంది.

జంపక్క చెప్పసాగింది. సీతయ్య పోయాక ఆమె నోట ఆయన ముచ్చట్లు తీరిగ్గా వినడం శ్యామలకు అదే మొదలు.