ఖాళీగా ఉన్న గడి

నవంబరు పదకొండు. ఆ పొద్దున బస్సులో నేను తిన్నవి రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక అరటిపండు. ఆరేళ్ల ఆఫీసు మీటింగులు అరక్క, ఆ రోజు ఫోన్ ఆపేసి అడవికి బయల్దేరాను.

అడవి మొదట్లో చిన్న చెక్‌పోస్టు. బల్ల వెనక ఖాకీ చొక్కాలో ఒకమ్మాయి, ముందు పెద్ద రిజిస్టరు.

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే."

"ఇంట్లో చెప్పొచ్చారా?"

"చెప్పాల్సినవాళ్లెవరూ లేరు."

"అయితే నాకు చెప్పండి. ఎన్నింటికి తిరిగొస్తారు?"

"రాకపోతే?"

ఆమె తలెత్తి చూసింది. "మీరు రాకపోతే నేను రావాలి సార్. వెళ్లినవాళ్లందరి పక్కనా తిరిగొచ్చిన టైము పడేదాకా ఈ తలుపు వెయ్యం. ఐదని రాస్తున్నా. ఫోన్ నంబరు చెప్పండి."

కళ్లు బాగున్నాయనుకున్నాను. మాట మాత్రం చెవికెక్కలేదు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. కొండ అవతలి వైపు దిగితే రోడ్డే. దిగాను, బస్సెక్కాను, ఇంటికెళ్లి పడుకున్నాను. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని నిద్ర.

మర్నాడు ఫోన్ ఆన్ చేస్తే మేనేజరువి తొమ్మిది మిస్డ్ కాల్స్. చెక్‌పోస్టువి ఇరవై మూడు.

ఫోన్ చేస్తే అక్కడి పెద్ద గార్డు ఎత్తాడు. "బతికే ఉన్నావా బాబూ? సంతోషం. నీ కోసం వెతుకుతూ మా అమ్మాయి వాగు దగ్గర జారి చెయ్యి విరగ్గొట్టుకుంది."

పరుగున వెళ్లాను. కుడిచేతికి కట్టు. అయినా అదే బల్ల దగ్గర కూర్చుంది.

"అడవిలో తప్పిపోయినవాళ్లని చాలామందిని వెతికాను. ఇంట్లో దుప్పటి కప్పుకున్నవాణ్ణి వెతకడం ఇదే మొదలు."

"తప్పు నాదే. పెన్నివ్వండి, టైము రాస్తాను."

"అంత తేలిగ్గానా? ఎడమచేత్తో నాకు రాత రాదు. ఈ కట్టు విప్పేదాకా శని, ఆదివారాలు మీరే రాయాలి. మీ గడి మాత్రం ఖాళీగానే ఉంటుంది."

ఆరు వారాలు రాశాను. వచ్చేవాళ్లందరూ నాలాంటివాళ్లే. అన్నిటి మీదా విసుగెత్తి, ఎవరికీ చెప్పకుండా వచ్చినవాళ్లు. ఒక సాయంత్రం ఇద్దరు గంటన్నర ఆలస్యం చేశారు. వాన చూస్తూ గుమ్మంలో నిలబడ్డాను. కాళ్లు పీకుతున్నా కూర్చోలేదు. ఆమె ఒక్క మాట దెప్పలేదు. ఎడమచేత్తో టీ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టింది, అంతే. ఆ ఇద్దరూ మలుపులో కనిపించగానే నాకు ఏడుపొచ్చింది.

కట్టు విప్పిన రోజు సాయంత్రం పాత పేజీ తీసి పెన్ను నా ముందు పెట్టింది.

"ఇక రాసి వెళ్లండి."

"రాస్తే నా కోసం ఇంకెవరూ ఎదురుచూడరుగా."

"అడవికి పోకుండానే ఎదురుచూడాలా తమరి కోసం?"

"మీరే చూడాలి. రోజూ. ఆలస్యమైతే ఫోన్ చేస్తాను."

ఆమె నవ్వు ఆపుకుంటూ తండ్రి వైపు చూసింది. మూల కుర్చీలో ఆ పెద్ద గార్డు మోకాళ్లు రుద్దుకుంటున్నాడు.

"ఏదో ఒకటి తేల్చు తల్లీ. ఈ అబ్బాయి గడి నిండేదాకా తలుపు వెయ్యనంటివి. నలభై రోజులుగా చలికి చస్తున్నాను."

"నలభై రోజులా?" అన్నాను.

"నాన్నకి లెక్కలు రావు," అంది, రిజిస్టరులోకి చూస్తూ.

గడిలో టైము రాశాను. ఆమె సిరా ఆరేదాకా ఆగింది. తర్వాత లేచి, బాగైన కుడిచేత్తో, చప్పుడు కాకుండా తలుపు వేసింది. నేను లోపలే ఉన్నాను.