రెండూ కుడి చేతులే

అది తొంభై ఆరు వేసవి, పెళ్ళిళ్ళ కాలం. తెల్లారింది, పొయ్యి ఇంకా వెలిగించనే లేదు, పూర్ణిమ అప్పుడే కత్తెర పట్టుకుని కూర్చుంది. శంషాబాద్‌లోని ఆ చిన్న ఇంట్లో ఎటు చూసినా జాకెట్ల మూటలే, మొత్తం ఇరవై ఆరు. ఎవరడిగినా కాదనడం చేతకాదు మహాతల్లికి! అన్నీ ఒకేసారి కత్తిరించి, దీనికి హుక్కులు, దానికి పట్టీలు అంటూ వారం నుంచి సతమతమవుతోంది. ఒక్కటీ పూర్తికాలేదు.

ఆ హడావుడిలోనే, రేపు పెళ్ళిపీటలెక్కాల్సిన లచ్చమ్మ కూతురి పట్టు జాకెట్టుకు రెండు చేతులూ కుడివే కత్తిరించేసింది. చూసుకున్నాక, మిగిలిన ముక్క కోసం మూటంతా వెతికింది.

"ఇంక గుడ్డ ఉన్నదా?" అన్నాడు భర్త జగన్, కాటేదాన్‌లో ఫ్యాక్టరీకి బయలుదేరుతూ.

"జానెడున్నది."

"ఇగ చాలు! వారం సంది ఇంట్ల ఏడుపే. తిండి లేదు, నిద్ర లేదు. ఈ మిషన్ అమ్మేస్త."

"అమ్ముకో పో! నాకు చాతగాదని ఊరంత చెప్పు!"

అత్త శివమ్మ లేచి వచ్చింది. మిషన్ ఇంటికొచ్చిన నాటి నుంచి దాని గురించి ఒక్క మంచిమాట అనని మనిషి. ఇక తిట్లేననుకుని పూర్ణిమ తల దించుకుంది. శివమ్మ మాత్రం పట్టు జాకెట్టు కోడలి ఒళ్ళో పెట్టి, మిగిలిన మూటలన్నీ దుప్పట్లో కట్టి తన మంచం కిందికి తోసింది.

"అత్తమ్మా, అవి..."

"నా తాన్నే ఉంటయ్. ఇదైనంక ఇంకోటిస్త. కలుపు తీసేటప్పుడు చేనంత చూస్తే భయమైతది బిడ్డా. నేను నా సాలే చూస్త." కొడుకు వైపు తిరిగింది. "మిషన్ జోలికొస్తే ఊకోను."

జానెడు గుడ్డలో పొట్టి ఎడమచెయ్యి వచ్చింది. కుడిదాన్నీ దానికి సమంగా తగ్గించి, రెండింటికీ జరీ అంచు మళ్ళీ కుడుతోంది పూర్ణిమ. గడపలో శివమ్మ ఎవరికో చెబుతోంది.

"సోమారం రా అక్కా. మా కోడలి లెక్క కుట్టెటోళ్ళు ఈడ ఎవరున్నరు? జర ఆగాలె."

పూర్ణిమకు కన్నీళ్ళు ఆగలేదు. పట్టు మీద పడకుండా కొంగుతో గబగబా తుడుచుకుంది.

సాయంత్రం లచ్చమ్మకు తప్పు దాచకుండా చెప్పింది. పెళ్ళికూతురు తొడుక్కుని చూసుకుని, "పొట్టి చేతులే మంచిగున్నయ్" అని నవ్వింది.

వాళ్ళు వెళ్ళగానే పూర్ణిమ చెయ్యి చాపింది. "అత్తమ్మా, ఇంకోటియ్యి."

శివమ్మ ఆ చేతిలో అన్నం కంచం పెట్టింది.

"ఇప్పుడు నీ పని ఇదొక్కటే."