వాపసుకు లేని డీజిల్

పావగడ పక్క క్యాతగానచెర్లు సోలార్ పార్కులో, జీపు బానెట్ మీద సముద్రం మ్యాపు పరిచారు. కనుచూపు మేర ప్యానెళ్లే, చుక్క నీరు లేదు. ఆపరేషన్ కంబళి ఏమిటో చీఫ్ వెంకటేశప్ప మూడు ముక్కల్లో చెప్పాడు. ఒక విదేశీ ముఠా పార్కు కంట్రోల్ కీ ఉన్న చిన్న చిప్పును కొట్టేసింది. రేపు మధ్యాహ్నం పన్నెండుకి, తీరానికి పధ్నాలుగు మైళ్ల అవతల నిలిచిన ఓడ నుంచి ఇన్వర్టర్లన్నీ పేల్చేస్తుంది. ఓడకు కీ మోసేది ముఠాలో దూరిన మన ఏజెంట్ సహన. ఆమె నకిలీది ఇస్తుంది. బోటు నడిపేది ఏజెంట్ తిప్పేశ్.

తిప్పేశ్‌కి ఒళ్లు మండింది. అతని తల్లి కాటమ్మ ఇక్కడే ప్యానెళ్లు తుడుస్తుంది. పన్నెండుకి ఆడవాళ్లంతా సంగటి తినేది ఇన్వర్టర్ గది నీడలోనే, ఇంకో నీడంటూ లేదు గనుక. వాళ్లను పంపేయమన్నాడు. పంపితే ముఠాకి అనుమానం వస్తుందని చీఫ్ మ్యాపు చుట్టేశాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకి, పడమటి తీరాన హొన్నావర దగ్గర శరావతి ఏట్లో మోటారు బోటు కొబ్బరి తోటల పక్కగా సముద్రం వైపు సాగింది. తిప్పేశ్‌ది జాలరి వేషం. నల్ల కళ్లద్దాల సహన పావగడ బజారులో బట్టలంగడి వాళ్ల అమ్మాయి. ఆమె లిప్‌స్టిక్ గొట్టంలోనే కీ ఉంది. ఆమె రాసిన పాసేజ్ ప్లాన్, అంటే బోటు దారి లెక్కల కాగితం, అతను చదివాడు. పదిన్నరలోగా ఏటి మొగలో ఇసుక మేట దాటాలి, తరువాత ఆటుకు నీళ్లు తగ్గిపోతాయి. గాలి, దిక్కు, వేగం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. డీజిల్ మాత్రం పోవడానికే ఉంది.

నిడుగల్లు గుట్టల్లో గొర్రెలు తోలిన ఇంట పుట్టినవాడు అతను. తిరుగుదారికి నీళ్లు కట్టుకోకుండా ఆ ఇంట్లో ఎవరూ గడప దాటరు.

"వాపసు డీజిల్ యాడ, సహనా?"

"ఓడోళ్లు ఇస్తార్లేప్పా."

కీ నకిలీదని తేలే ఓడలో డీజిల్ పోసి సాగనంపుతారా? ఈమె తిరిగి రాదు. అంటే ఆ కీ నకిలీది కాదు. తిప్పేశ్ మొలతాడులో దాచిన, కోస్ట్ గార్డ్‌ను పిలిచే బీకన్ నొక్కి, కోపంకొద్దీ స్టీరింగ్ తిప్పాడు. బోటు ఇసుక మేట ఎక్కి కూర్చుంది. ఇంజన్ దగ్గి ఆగిపోయింది.

సహన పిస్టల్ తీసింది. ఓడకు రేడియో కొట్టింది. గంటకు పైగా అతని నుదుటికి గురి తప్పించలేదు.

"ఆ రాళ్లబూమిలో ఏముండాదని ఇంత కోపం?" అంది.

"మాయమ్మ ఉండాది."

పదకొండూ యాభై ఏడుకి ఓడ నుంచి రబ్బరు పడవ వచ్చింది. అందులో ఒకడు ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకున్నాడు. సహన నడుంలోతు నీళ్లలో దిగి లిప్‌స్టిక్ గొట్టం అందివ్వబోయింది. తిప్పేశ్ ఆమె మీదికి దూకాడు. గుండు చెవిని గీరిపోయింది. పన్నెండుకి ఒక్క నిమిషం ముందు గొట్టం జారి ఆటులో కొట్టుకుపోయింది. కోస్ట్ గార్డ్ బోట్లు అప్పుడు తీరిగ్గా వచ్చి అందరినీ చుట్టుముట్టాయి.

నెత్తురు కారుతున్న చెవికే ఫోను పెట్టుకుని తిప్పేశ్ తల్లికి చేశాడు. సంగటి తింటున్నామంది. యాడుండావని అడిగింది. చుట్టూ నీళ్లే, మధ్యలో ఇరుక్కున్నానని చెప్పాడు.

"అన్ని నీళ్లుంటే ఉత్తచేతుల్తో రావద్దు నాయనా. ఈడ ట్యాంకరు వచ్చి మూడు దినాలాయ."