వియ్యపురాలి ముందు చెప్పని మాట

తాంబూలాలు మార్చుకోబోతుండగానే వెంకటమ్మ, "భువనా... తల పగిలిపోతాందమ్మా" అంటూ కూతురి మీదికి ఒరిగిపోయింది. కాబోయే వియ్యపురాలు దుర్గాదేవి తన కారులోనే ఆమెను సూళగిరి నుంచి హోసూరు ఆసుపత్రికి చేర్చింది.

స్కాన్ తీసిన డాక్టరు, తలలో నరం చిట్లి రక్తం కారుతోందని చెప్పి, "రోజూ మాత్రలేమైనా తింటారా?" అని అడిగాడు.

భువన తండ్రి కేశవప్ప దుర్గాదేవి వైపు చూశాడు. "ఏమీ లేదు సారూ. ఈపొద్దుదాకా ఆస్పత్రి మెట్టెక్కినది కాదు."

అది నిజం కాదని భువనకు తెలుసు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. వెంకటమ్మ ఆడింది ఒక్కటే. గుండె జబ్బుకు రెండేళ్ళుగా రక్తం పల్చబడే మాత్ర మింగుతోంది. నెలనెలా కృష్ణగిరికి రక్తపరీక్షకు వెళుతూ, ఊళ్ళోవాళ్ళకు చుట్టాలింటికని చెప్పేది. తల్లికున్న జబ్బు పిల్లకూ ఉంటుందని సంబంధాలు తప్పిపోతాయేమోనని భయం! పెళ్ళయ్యేదాకా నోరు విప్పనని భువన చేత ఒట్టు వేయించుకుంది. కన్నతల్లి ప్రాణం కన్నా పెళ్ళి ఎక్కువా? కాదు... అయినా ఆ ఒట్టు, నాన్న చూపు కలిసి పిల్ల గొంతు నొక్కేశాయి. గంటన్నర గడిచిపోయింది.

రెండో స్కాన్ చూసి డాక్టరు నుదురు చిట్లించాడు. "రక్తం ఆగడం లేదు, గడ్డ పెరిగింది. కుడిచెయ్యి కూడా పడిపోయింది. రక్తపరీక్ష ఫలితం ఇంకా రాలేదు."

"రక్తం పల్చబడే మాత్ర తింటాది సార్, నిన్న కూడా తినింది" అంది భువన.

"నోరు మూసుకోమ్మా" అన్నాడు కేశవప్ప.

"మూసుకొనే కదా నాన్నా అమ్మను ఇట్ల చేసినాను..."

"మొదటే చెప్పి ఉంటే..." అంటూనే డాక్టరు పరుగున వెళ్ళాడు. రక్తం ఆగేందుకు విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారు, ప్లాస్మా ఎక్కించారు. సాయంత్రానికి గడ్డ పెరగడం ఆగింది. ప్రాణం దక్కింది కానీ మాట పోయింది.

మూడోనాడు దుర్గాదేవి వచ్చింది. సంబంధం వద్దని చెప్పడానికే అనుకుని కేశవప్ప తల దించుకున్నాడు. ఆమె భువన పక్కన కూర్చుంది.

"మా ఇంటాయన కూడా ఆ మాత్రే తింటాడమ్మా" అంది. "మీకు తెలిస్తే పిల్లనియ్యరని మేమూ దాచినాము. ఆపొద్దు డాక్టరు అడిగినప్పుడు నేనన్నా మా ఇంటి సంగతి చెప్పింటే, మీకు నోరు వచ్చుండేది."

భువనకు కోపం రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, "మామ తినే మాత్ర పేరు రాసి ఆయన జేబులో పెట్టు అత్తా. ఎవరడిగినా చెప్పు" అంది.

మంచం మీద వెంకటమ్మ అంతా వింటూనే ఉంది. కన్నీళ్ళు చెవి పక్కగా జారి దిండు తడుస్తోంది. తుడుచుకుందామంటే కుడిచెయ్యి లేవలేదు. భువనే కొంగుతో తుడిచింది.