పారబోసిన ఆకుకూర కట్టు

క్లిఫర్డ్ బూన్ సవానాకి చరిత్ర చూడ్డానికి రాలేదు. పాత చర్చిలూ, చెట్లు కమ్మిన కూడళ్ళూ హెస్టర్ రావెనెల్ చూసుకుంటుంది, భోజనాల సంగతి తను చూసుకుంటాడు. అట్లాంటాలో బయల్దేరేటప్పుడే ఇద్దరూ అలా ఒప్పందం చేసుకున్నారు. హెస్టర్ ప్రైవేటు డిటెక్టివ్. యాభై దాటిన బక్కపల్చటి మనిషి. ఆవిడకి సహాయకుడుగా చేరినప్పటి నుంచీ క్లిఫర్డ్ ఆవిడలో అన్నీ మెచ్చుకున్నాడు, ఒక్క ఆకలిని తప్ప. పిచ్చుక కూడా ఆవిడకంటే నాలుగు మెతుకులు ఎక్కువే తింటుందని అతని నమ్మకం.

ఆ ఉదయం బసలో రొయ్యల కూర పోసిన మొక్కజొన్న జావ ముందు అతను చెంచా ఎత్తాడో లేదో, ఏప్రన్ కట్టుకున్న పెద్దావిడ ఒకామె తిన్నగా వాళ్ళ బల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

"హెస్టర్ అంటే మీరే కదమ్మా? అట్లాంటాలో మా చెల్లెలి కూతుర్ని కేసులోంచి బయటపడేసింది మీరేనట. నా పేరు వెర్లీన్ మేబ్రీ."

క్లిఫర్డ్ చెంచా కింద పెట్టేశాడు. వెర్లీన్ మేబ్రీ భోజనశాల! ఈ మధ్యాహ్నానికి అతను మనసులో ఎప్పుడో ఆకు పరిచేసుకున్నది అక్కడే.

"కూర్చోండి," అంది హెస్టర్.

"కూర్చుంటే మళ్ళీ లేవలేనమ్మా. నిన్న నా బల్ల దగ్గర హొరేస్ గాడ్స్‌డెన్ గారు వాంతులు చేసుకుని పడిపోయారు. ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు. విషమంటున్నారు. భోజనశాల ఉన్న ఇల్లు ఆయనదే. రేపు నా పేర రాసిస్తానన్నారు. ఆయనకి ఉల్లిపాయ పడదు, అందుకని ఆయన పీత కూర ఒక్కటీ విడిగా చేస్తాను. అందులో నేనే విషం కలిపానని సార్జెంటు అంటాడు. సాయంత్రానికల్లా నన్ను తీసుకెళ్తారు. నలభై ఏళ్ళుగా ఊరికి వండిపెట్టిన చేతులమ్మా ఇవి!"

హెస్టర్ అప్పటికే లేచింది. క్లిఫర్డ్ జావ వైపు ఒక చూపు చూసి, బరువుగా లేచాడు.

భోజనశాల తలుపుకి మూసివేత నోటీసు అంటించి ఉంది. లోపల పొడుగాటి బల్ల ఒక్కటే. ముక్కూ మొహం తెలియనివాళ్ళంతా ఒక్క పంక్తిన కూర్చుని, గిన్నెలు చేతులు మార్చుకుంటూ వడ్డించుకుంటారు. తిన్నాక ఎవరి ప్లేటు వాళ్ళే వంటింట్లో పెట్టి రావాలి. గవర్నరుకైనా అదే పద్ధతి.

"వడ్డన ఎలా జరుగుతుంది?" అడిగింది హెస్టర్.

"గిన్నెలన్నీ బల్ల మీద పెట్టాక నేనూ ఇవతలికొచ్చి అందరితో ప్రార్థన చేస్తాను. కొలార్డ్ ఆకుకూర ఉడికించిన నీళ్ళు, మా కట్టు మాత్రం పొయ్యి మీదే ఉంటుంది. భోజనం చివర మొదటి కప్పు హొరేస్ గారికి. తర్వాత రొట్టె ముంచుకోవడానికి తలా కాస్త."

"నిన్న తలా కాస్త దక్కిందా?"

"ఎక్కడ! ఆయనకి కప్పు ఇచ్చి వెనక్కి తిరిగేసరికి, ఒహాయో నుంచి వచ్చిన ఆవిడ కట్టంతా తూములో పారబోసి గిన్నె తోమేసింది. ఉత్తరాది వాళ్ళకేం తెలుసు పాపం, మురికినీళ్ళనుకుని ఉంటుంది."

హెస్టర్ పెరట్లోకి నడిచింది. గోడవారన కలుపు మొక్కల మధ్య చిన్న గొయ్యి. పక్కనే ఎర్రటి కాడలతో వాడిపోయిన ఆకుల కట్ట.

"పోక్ ఆకు," అన్నాడు క్లిఫర్డ్. "మా అమ్మమ్మ మూడుసార్లు ఉడికించి, మూడుసార్లూ నీళ్ళు వంచేసి వండేది. ఎవరో కూరకి కోసుకున్నట్టున్నారు."

"కూరకి కోసుకున్నవాళ్ళు ఆకు వదిలేసి వేరు పట్టుకెళ్ళారా?" అని హెస్టర్ లోపలికి వెళ్ళిపోయింది. క్లిఫర్డ్ ఆ ఆకుల్ని కాసేపు చూసి, అర్థమైనట్టు తల ఊపాడు. అర్థం కాలేదు.

సార్జెంటు టిల్మన్ నిన్నటి పంక్తిలో ముగ్గుర్ని ముందుగదిలో కూర్చోబెట్టాడు. మొదట లైల్ పర్విస్. వీధికి అవతల ఇంకో భోజనశాల నడుపుతాడు.

"పోటీ కొట్టు బల్ల దగ్గర మీకేం పని?" అడిగింది హెస్టర్.

"తినడం. మా ఆవిడ వంట తిన్నారా మీరు? తింటే ఈ ప్రశ్న వెయ్యరు. పైగా నిన్న కట్టు కూడా దక్కలేదు. దానికోసమేనండీ నేను వీధి దాటేది!"

రెండో మనిషి ఎడ్నా క్రౌస్. ఒహాయో టూరిస్టు. చేతిసంచీ ఒడిలో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"మీరు ఎవరి మధ్య కూర్చున్నారు?"

"కుడివైపు పర్విస్ గారు, ఎడమవైపు రోలిన్ గారు. ప్రార్థనప్పుడు అందరూ చేతులు పట్టుకున్నారు కదా, నా ఎడమ చేతికి ఎవరూ దొరకలేదు. ఆ కుర్చీ ఖాళీ. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను."

"కట్టు గిన్నె మీరే తోమారా?"

"అవునండీ. ఇక్కడి ఆచారం కదా!" ఎడ్నా మొహం వెలిగింది. "ఎంత ముచ్చటైన పద్ధతో!"

ప్లేటు పెట్టి రావడం గురించి కాబోలు అనుకున్నాడు క్లిఫర్డ్. హెస్టర్ మరో ప్రశ్న వెయ్యలేదు.

మూడోవాడు రోలిన్ గాడ్స్‌డెన్, హొరేస్ గారి అన్న కొడుకు. ఇస్త్రీ నలగని చొక్కా, ఎర్రబడ్డ కళ్ళు.

"బాబాయి మనసు మార్చుకున్నాడండీ. ఇల్లు ఇవ్వనని మొన్ననే నాతో అన్నాడు. అది వెర్లీన్‌కి తెలిసిపోయి ఉంటుంది. అందరితో పాటు నేనూ కూర్చున్నాను, ప్రార్థన చేశాను, తిన్నాను. ఆ పీత బాబాయి తప్ప ఎవరూ ముట్టలేదు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ వెర్లీన్ ఈ మాట విని నోట్లో ఏప్రన్ కుక్కుకుంది. సార్జెంటు గడియారం చూసుకున్నాడు.

"ఇంక చాలు మేడమ్. ఈవిణ్ణి తీసుకెళ్తాను."

"ఒక్క భోజనం చేసి తీసుకెళ్ళండి," అంది హెస్టర్. "అందరూ నిన్నటి చోట్లలోనే కూర్చోండి. వెర్లీన్, పొయ్యి వెలిగించండి."

అంత నిశ్శబ్దంగా క్లిఫర్డ్ ఎన్నడూ భోజనం చెయ్యలేదు. కోడి వేపుడు కరకరలాడితే నలుగురూ ఉలిక్కిపడ్డారు. వెర్లీన్ గిన్నె అందిస్తే సార్జెంటు ముందు వాసన చూశాడు, తర్వాత సిగ్గుపడ్డాడు, ఆ తర్వాత రెండుసార్లు వడ్డించుకున్నాడు. చివర్న వెర్లీన్ పొగలు కక్కే కప్పులు తెచ్చి ఒక్కొక్కరి ముందూ పెట్టింది.

"మన అదృష్టం చూడండి," అంది హెస్టర్. "నిన్న గిన్నె తోమేలోపే వెర్లీన్ ఒక సీసాడు కట్టు తీసి ఫ్రిజ్‌లో దాచిందట. నిన్న దక్కనివాళ్ళకి ఈరోజు దక్కుతుంది."

పర్విస్ రొట్టె విరిచి ముంచి, కళ్ళు మూసుకున్నాడు. ఎడ్నా భయంభయంగా ఒక గుక్క తాగి, "అయ్యో, ఇదా నేను పారబోసింది!" అంది. క్లిఫర్డ్ సగం కప్పు ఖాళీ చేశాడు. సార్జెంటు ఊదుకుంటూ తాగాడు.

రోలిన్ కప్పు మీద మీగడలా నూనె తేలుతోంది. అతని చేతిలో రొట్టె ఉంది. ఆ రొట్టె కప్పు దాకా వెళ్ళడం లేదు.

"తాగు నాయనా," అంది వెర్లీన్ అలవాటుగా. "చిన్నప్పుడు దీనికోసం నా కొంగు వదిలేవాడివా? నీ పాలపళ్ళు నా రొట్టె మీదే కదా ఊడింది!"

"కడుపులో బాగోలేదు."

"కోడి మూడు ముక్కలు తిన్నారే," అంది హెస్టర్. "ఇక్కడ అందరూ పీతకే భయపడుతున్నారు. కట్టుకి భయపడేది మీరొక్కరే. ఎందుకో చెప్పనా? పెరట్లో పోక్ మొక్క వేరు తవ్వింది మీరు. ఆకు కంటే వేరులో విషం ఎక్కువ. దాన్ని మరిగించి, ప్రార్థన వేళ వంటిల్లు ఖాళీగా ఉన్నప్పుడు వెనకదారిన వచ్చి, పొయ్యి మీది కట్టులో పోశారు. అందుకే ఎడ్నా గారి ఎడమ చేతికి ఎవరూ దొరకలేదు. మీరేమో ప్రార్థన చేశానన్నారు."

సగం తాగిన కప్పులోకి చూసి క్లిఫర్డ్ పాలిపోయాడు. సార్జెంటు కప్పు ఠక్కున కింద పెట్టాడు.

"కంగారుపడకండి. ఇది ఇందాక నేను దగ్గరుండి కాయించింది," అంది హెస్టర్. "మొదటి కప్పు మీ బాబాయిది. కానీ రెండోవాడు తాగి పడిపోతే పీత మీది అనుమానం కట్టు మీదికి మళ్ళుతుంది. మిగిలింది పారబోయాలి. ఈ ఊళ్ళో పుట్టినవాడు కట్టు పారబోస్తే వీధంతా వింతగా చూస్తుంది. ఉత్తరాది మనిషి పారబోస్తే జాలిపడి ఊరుకుంటారు. వెర్లీన్, గిన్నెలు తోమాలనే ఆచారం మీ ఇంట్లో ఉందా?"

"నా గిన్నె నేను తప్ప ఎవరూ ముట్టరమ్మా!"

ఎడ్నా బిక్కమొహం వేసింది. "మరి, కొత్తగా వచ్చినవాళ్ళు ఆకుకూర గిన్నె తోమితే ఇంటికి శుభమని..."

"ఎవరు చెప్పారు?"

ఎడ్నా ఎడమవైపు తిరిగింది. "ఈయనే. వాళ్ళ బాబాయికి కప్పు వెళ్ళగానే, 'ఇదే సమయం, వెళ్ళండి' అన్నారు కూడా."

కుర్చీ వెనక్కి పడింది. రోలిన్ తలుపు దాకా వెళ్ళగలిగాడు గాని, అక్కడ సార్జెంటు ఉన్నాడు. వెర్లీన్ వంట తిన్న సార్జెంటు ఆ వేళ గుమ్మానికి నిండుగా ఉన్నాడు.

"మా తాతల ఇల్లు!" అరిచాడు రోలిన్. "వంటమనిషికి రాసిస్తాడా?"

వెర్లీన్ అతని ముందున్న కప్పు తీసి, ఎవరికీ అందకుండా చేత్తో మూసి పట్టుకుంది. అందులో విషం లేదని ఆవిడకీ తెలుసు.

సార్జెంటు ఆస్పత్రికి ఫోన్ చేసి ఏ వేరు విషానికి మందు వెయ్యాలో చెప్పాడు. అవతలివాళ్ళు చెప్పింది చాలాసేపు విన్నాడు. వెర్లీన్ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. క్లిఫర్డ్‌కి తెలియకుండానే తన చెయ్యి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"కళ్ళు తెరిచాడట," అన్నాడు సార్జెంటు ఫోను పెట్టి. "నర్సు పెట్టిన జావ ఉమ్మేశాడట. ఉప్పెవరు వెయ్యాలని కేకలేస్తున్నాడట."

అంతసేపూ నిలబడే ఉన్న వెర్లీన్ అప్పుడు కూలబడింది. కాసేపు ఏడ్చింది. తర్వాత ఏప్రన్‌తో మొహం తుడుచుకుని, "ఆ నోటీసు చింపుతారా, నన్ను చింపమంటారా?" అని సార్జెంటుని అడిగి, మూతున్న గిన్నె వెతకడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆస్పత్రి దాకా జావ చల్లారకుండా వెళ్ళాలి మరి.