ఏడో బెడ్డు మీద పాఠం

మద్దిలపాలెంలో ఒక ఆస్పత్రి. మూడో అంతస్తులో నర్సులకి పాఠం జరుగుతోంది. మధ్యాహ్నం మూడయింది. కింద రోడ్డు మీద బస్సుల హారన్లు, క్యాంటీన్ నుంచి బజ్జీల వాసన. ఖాళీగా ఉన్న ఐసీయూ గదిలో, ఏడో బెడ్డు చుట్టూ నిలబడ్డారందరూ.

భ్రమరాంబ సిస్టర్ ఏ సంగతైనా చిన్నపిల్లలకి చెప్పినట్టు విడమరిచి చెబుతుంది.

"మనిషి తెలివిలో ఉండగానే, రేపు నోట మాట పడిపోతే తనకి ఏ వైద్యం చెయ్యాలో, ఏది వద్దో రాసుకుంటాడు. ఇద్దరు సాక్షులు సంతకాలు పెడతారు, నోటరీ ముద్ర పడుతుంది. ఆ కాగితమే పేషెంటు గొంతు అనుకోండి. దాన్ని డాక్టరుగారి చేతిలో పెట్టడం మన పని. సరే, ఇప్పుడు ఒకరు పేషెంటుగా పడుకోవాలి."

"ఇంద్రజక్క పడుకుంటాది సిస్టర్. డ్యూటీలో సేసేది అదే కదా!" అంది ధనశ్రీ. అందరూ నవ్వారు.

ఇంద్రజ నవ్వలేదు. పోయిన నెల, యారాడలో చేపల వేట చేసుకునే తాతబాబు ఈ బెడ్డు మీదే పోయాడు. గొంతులో గొట్టం వద్దని ముందే రాయించుకుని, వలలు లాగి గరుకెక్కిన చేత్తో ఆ కాగితం ఇంద్రజ చేతిలోనే పెట్టాడు. "డాట్రుగారికి సూపించమ్మా. మర్సిపోకు."

తర్వాత కొడుకు అప్పలరాజు వచ్చి కాళ్ల మీద పడ్డాడు. "అక్కా, నాను అయ్యని వదలనేను. ఆ కాయితం బయటికి తియ్యకు."

ఇంద్రజ తియ్యలేదు. పంతొమ్మిది రోజులు, గొంతులో గొట్టంతో, తాతబాబు ఆమె కళ్లలోకే చూస్తూ ఉండిపోయాడు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

ఇప్పుడు పడుకోనంటే కారణం చెప్పాలి కదా... చెప్పలేక, బెడ్డెక్కి పడుకుంది. మెడదాకా దుప్పటి కప్పారు.

"ఇంద్రజకి మాట లేదు, చేతివేళ్లు తప్ప కదలిక లేదు. ధనశ్రీ, చెయ్యి పట్టుకుని అడుగు. అవునంటే ఒకసారి నొక్కుతుంది. కాదంటే రెండుసార్లు."

ధనశ్రీ దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, దొరికిన చెయ్యి పట్టుకుంది. ఇంద్రజ కళ్లు మూసుకుంది. స్పిరిట్ వాసన. దాని అడుగున ఇంకేదో... తడి వల వాసన. ఆరని ఉప్పు, నాచు. దుప్పటి లోపలి నుంచే వస్తోంది.

లేవబోయింది. ఒళ్లు కదల్లేదు.

గొంతులోకి గట్టిగా ఏదో దిగింది. నెమ్మదిగా... ఇంకా లోపలికి...

"నీకు ఊపిరి అందట్లేదనుకో. వెంటిలేటర్ పెట్టమంటావా అక్కా?"

పెట్టండి... ఏదో ఒకటి చెయ్యండి...

"రెండుసార్లు నొక్కింది సిస్టర్. వద్దంటంది."

నేను నొక్కలేదు!

"మళ్లీ అడుగు. ఒక్కసారి అడిగి ఊరుకోకూడదు."

"ఆక్సిజన్ పెట్టమంటావా?... వద్దంట. డాక్టర్ని పిలవమంటావా?... అదీ వద్దంట."

"అబ్బ, ఏటి ఏక్టింగు!" వెనక నిలబడ్డ నర్సు దుర్గ పకపకా నవ్వింది. "సినిమాల్లోకి ఎల్లిపోవే!"

నాలుక లేవదు. రెప్ప తెరుచుకోదు.

భ్రమరాంబ సిస్టర్ గొంతు మెత్తబడింది. "చూశారా? మనకి ఎంత బాధగా ఉన్నా పేషెంటు మాటే మాట. ఇక ఏమీ చెయ్యకండి. చెయ్యి వదలకుండా పక్కన కూర్చోండి. అది కూడా వైద్యమే."

కుర్చీలు జరిగాయి. అందరూ కూర్చున్నారు. ఎంతో శ్రద్ధగా, పాఠంలో చెప్పినట్టే కూర్చున్నారు.

ఫ్యాను చప్పుడు దూరమైంది. బస్సుల హారన్లు దూరమయ్యాయి. లోపల ఎక్కడో... అలలు.

"అక్కా," ధనశ్రీ గుసగుసలాడింది. "పాఠం అయిపోనాది. ఇంక సెయ్యి వదులు."

ధనశ్రీ తన చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"వదలవే, నొప్పెడతంది... నీ సెయ్యి ఇంత గరుకుగా ఉందేటి?"

ఇంద్రజకి అంతా వినిపిస్తోంది. ఆమె రెండు చేతులూ దుప్పటి కింద, నెమ్మదిస్తున్న తన గుండె మీద, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.