బొమ్మకిచ్చిన నడక

ఆపకు కోడలా, రాయి. నీ సంగతి వచ్చిన చోట ‘నేను’ అని కాదు, ‘కోడలు’ అనే రాయి.

నా మనవరాలిది వీడియో గేములు చేసే కంపెనీలో ఉద్యోగం. తెర మీద మనుషులను నడిపించడం దాని పని. ఆమధ్య వాళ్ళమ్మను ఫోన్‌లో వీడియో తీసింది.

"నీ నడక కావాలమ్మా" అంది.

"నా కుంటి నడక నీకెందుకే" అని కోడలు నవ్వింది.

ఆసుపత్రిలో రోగులను ఎత్తి ఎత్తి ఆమె మోకాలు అరిగిపోయింది. మెట్టెక్కే ముందు మోకాలి మీద చెయ్యి వేసి, కాస్త ఆగి, అప్పుడు ఎక్కుతుంది.

మొన్న పొద్దున అందరం టీ తాగుతుంటే మా అబ్బాయి ఆ కంపెనీ కొత్త గేము ప్రకటన ఫోన్‌లో పెట్టాడు. ఒక యోధురాలు కొండ ఎక్కుతోంది. ఒంటి మీదున్న గుడ్డ నా జేబురుమాలుకు కూడా చాలదు. మోకాలి మీద చెయ్యి వేసి, ఆగి, ఎక్కింది. మా అబ్బాయి ఫోన్ బోర్లించేశాడు.

"లోకం ముందు నన్నిలా నిలబెట్టావా?" అంది కోడలు, కూతురితో.

"ఆ ఒళ్ళు నేను చేయలేదమ్మా, వేరేవాళ్ళు చేశారు. ఆవిడ యుద్ధంలో దెబ్బ తిన్నవాళ్ళను భుజాన మోసుకొచ్చిన మనిషి. అది తెలియాలనే నీ నడక పెట్టాను. అది తీసేసి నడుం తిప్పించమన్నారు. కొట్లాడి నిలుపుకున్నాను."

"అంత ఒళ్ళు చూపించాక నడకెవడు చూస్తాడే?"

"నువ్వు చూశావుగా."

"నాది కాబట్టి చూశాను" అంది కోడలు.

మనవరాలు బ్యాగు సర్దుకుంది. "వద్దంటే నీ నడక తీసేస్తాను. అప్పుడక్కడ మిగిలేది ఆ ఒళ్ళే. ఆలోచించి చెప్పు" అని స్నేహితురాలి గదికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు.

ఇవాళ నేను ఆ ప్రకటన మళ్ళీ పెట్టించుకున్నాను. కోడలు వెనక నిలబడి చూసింది. చివర్లో ఆ మనిషి కొండ దిగుతోంది.

"దిగేటప్పుడు నేను నొప్పి కాలు ముందు వేస్తాను మావయ్యా. ఇదేమో మంచి కాలు వేసింది. అలా దిగితే పడుతుంది" అంది.

ఆ దిగడం ఇంకోసారి వేయించి చూశాను.

"ఒంటి నిండా బట్టలు కూడా వేయమనండి. కొండ మీద చలి" అంది కాసేపటికి. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

ఏం, కలం ఆగింది? అది కూడా రాయమ్మా. ఆ నడక ఉంచాలో తీసేయాలో మాత్రం నేను చెప్పను, అది నీ మాట. ఇప్పుడు ఫోన్ చేసి, ఇదంతా నీ కూతురికి నువ్వే చదివి వినిపించు.